నిద్ర మాత్రల్లో ఏది ఎవరికి? జోల్పిడెమ్, ఆల్ప్రాజోలం, క్లోనజిపామ్, మెలటోనిన్ పక్కపక్కన పెట్టి చూస్తే

నిద్ర మాత్రల్లో ఏది మంచిది అని అడిగితే ఒక్క పేరు చెప్పడం కుదరదండి, ఎందుకంటే నిద్ర పట్టకపోవడం అనేది అందరికీ ఒకే రకంగా ఉండదు. నేను గుంటూరు కొత్తపేటలో మెడికల్ షాపులో ఫార్మసిస్ట్‌ని, చుట్టూ అన్నీ ఆస్పత్రులే కాబట్టి పొద్దున్నించి రాత్రి దాకా అన్ని రకాల చీటీలూ చేతిలోకి వస్తా ఉంటాయి. కౌంటర్ దగ్గర "కొంచెం గట్టిది ఇవ్వండి" అనేవాళ్ళు ఎక్కువ, "ఇది ఎంతసేపు ఒంట్లో ఉంటది, ఎన్ని రోజులు వాడాలి, ఎట్టా మానాలి" అని అడిగేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. నిజానికి మాత్రకీ మాత్రకీ తేడా చూడాల్సింది ఈ మూడింట్లోనే, గట్టిదా మెత్తదా అన్నదాంట్లో కాదు. డాక్టర్ దగ్గరకి వెళ్ళే ముందు ఈ తేడా తెలిసుంటే అక్కడ ఐదు నిమిషాల్లో అడగాల్సిన ప్రశ్నలు అడగొచ్చు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. చీటీ లేకుండా కొనుక్కోడానికి మాత్రం ఇది కాదు, అది ముందే చెప్తున్నా.

ముందు మీ నిద్ర ఏ రకంగా చెడిందో చూసుకోండి. పది గంటలకి పడుకుంటే ఒంటిగంట దాకా పట్టకపోవడం ఒక రకం. పడుకోగానే పట్టిద్ది గానీ రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేసి ఇంక మళ్ళీ పట్టకపోవడం ఇంకో రకం. తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చుని మనసంతా దిగులుగా ఉండటం, ఏ పనీ చేయబుద్ది కాకపోవడం ఉంటే అది చాలాసార్లు నిద్ర జబ్బు కాదు, డిప్రెషన్ అయ్యుండొచ్చు, దానికి నిద్ర మాత్ర వేస్తే అసలు జబ్బు లోపల అట్టాగే ఉండిపోయిద్ది. నాలుగో రకం ఏంటంటే నిద్ర వస్తది కానీ ఏదో ఒకటి లేపేస్తా ఉంటది, మోకాళ్ళ నొప్పి, రాత్రికి నాలుగుసార్లు బాత్రూం, గ్యాస్ పైకి ఎగదన్నడం, కాళ్ళు లాగడం, దగ్గు, మెనోపాజ్ టైంలో వేడి ఆవిర్లు. ఈ నాలుగో రకానికి నిద్ర మాత్ర అసలు జవాబే కాదు, లేపేదాన్ని ఆపాలి. ఇవి కాకుండా అసలు నిద్రకి టైమే లేనివాళ్ళు కూడా ఉన్నారు, మిర్చి సీజన్‌లో యార్డు దగ్గర రాత్రిళ్ళు పనిచేసి పగలు రేకుల షెడ్డు కింద పడుకునేవాళ్ళూ, అమెరికా టైంకి లాగిన్ అయ్యే పిల్లలూ, వాళ్ళ ఒంట్లో గడియారం తిరగబడింది అంతే, జబ్బు కాదు.

వారానికి కనీసం మూడు రాత్రులు, అట్టా మూడు నెలలు దాటి నడిస్తే దాన్ని డాక్టర్లు దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. పరీక్షల ముందో, ఇంట్లో ఎవరన్నా పోయినప్పుడో, ఆపరేషన్ అయ్యాకో రెండు మూడు వారాలు నిద్ర పట్టకపోవడం వేరే సంగతి. నిద్ర మాత్ర నిజంగా పనికొచ్చేది ఎక్కువగా ఈ రెండో దాంట్లోనే, అదీ తక్కువ రోజులకి.

ఇప్పుడు అసలు పోలికకి వద్దాం. ప్రతి మందుకీ హాఫ్ లైఫ్ అని ఒకటి ఉంటది, అంటే రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే టైం. రాత్రి పదింటికి జోల్పిడెమ్ వేసుకున్నారనుకోండి, దాని హాఫ్ లైఫ్ సుమారు రెండున్నర గంటలు, పన్నెండున్నరకి సగం, మూడింటికి పావు వంతు, ఐదున్నరకి ఇంకా తక్కువ, లేచేసరికి చాలామందికి చాలావరకు దిగిపోయి ఉంటది. అదే టైంకి ఆల్ప్రాజోలం వేసుకుంటే దానిది పదకొండు గంటల చిల్లర, పొద్దున తొమ్మిదింటికి మీరు బండి మీద ఆఫీసుకి పోయేటప్పుడు కూడా సగం లోపలే ఉంది. క్లోనజిపామ్ అయితే ముప్పై నుంచి నలభై గంటలు, అంటే రేపు రాత్రి రెండో మాత్ర వేసుకునే టైంకి నిన్నటి మాత్రలో సగం పైనే ఇంకా ఒంట్లో తిరుగుతా ఉంటది, దాని మీద కొత్తది, దాని మీద ఇంకోటి, అట్టా వారం తిరిగేసరికి ఒంట్లో నిల్వ పెరుగుతా పోయిద్ది. మొదటి రోజు బాగానే ఉంది గానీ వారం తర్వాత నుంచి తల దిమ్ముగా ఉంటందండీ అని పెద్దవాళ్ళు అంటారు చూడండి, చాలాసార్లు కారణం ఇదే. డైజిపామ్ ఇంకా పొడుగు, అది కరిగి తయారయ్యే పదార్థం కూడా మందులాగే పనిచేస్తా రోజుల తరబడి ఉంటది.

దీన్నిబట్టి చూస్తే పడుకోగానే పట్టని వాళ్ళకి త్వరగా ఎక్కి త్వరగా దిగే మందు సరిపోయిద్ది, మధ్యలో మెలకువ వచ్చేవాళ్ళకి కొంచెం ఎక్కువసేపు నిలబడేది కావాలి, పగలంతా కూడా గుండె దడ, ఆందోళన ఉన్నవాళ్ళకైతే ఆ ఆందోళనకే వైద్యం కావాలి.

జోల్పిడెమ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు నిద్ర కోసమే రాసే చీటీల్లో ఇది బాగా కనపడుద్ది. మన దగ్గర జోల్‌ఫ్రెష్ లాంటి పేర్లతో వస్తది, 5 మిల్లీగ్రాములు, 10 మిల్లీగ్రాములు. పదిహేను నిమిషాల నుంచి అరగంటలో ఎక్కేస్తది కాబట్టి మంచం మీదకి చేరాకే వేసుకోవాలి, వేసుకుని ఇంకా గిన్నెలు కడుగుదాం, గేటుకి తాళం వేసొద్దాం, మనవడితో వీడియో కాల్ మాట్లాడదాం అనుకుంటే ఇబ్బంది, ఆ తర్వాత చేసిన పనులు పొద్దున గుర్తుండవు. కడుపు నిండా తిని వెంటనే వేసుకుంటే లేటుగా ఎక్కుద్ది, అప్పుడు ఇది పనిచేయట్లేదని ఇంకోటి మింగుతారు, అది ప్రమాదం. వేసుకున్నాక కనీసం ఏడెనిమిది గంటలు పడుకునే వీలు ఉండాలి, తెల్లవారి నాలుగున్నర ట్రైన్ ఉన్న రోజు దీన్ని ముట్టుకోకూడదు.

ఆడవాళ్ళు ఇది ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఆడవాళ్ళ ఒంట్లోంచి జోల్పిడెమ్ నెమ్మదిగా పోయిద్ది, అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2013లో చూస్తే 10 మిల్లీగ్రాములు వేసుకున్న ఎనిమిది గంటల తర్వాత కూడా ఆడవాళ్ళలో సుమారు 15 శాతం మందికి, మగవాళ్ళలో 3 శాతం మందికి డ్రైవింగ్ దెబ్బతినేంత మందు రక్తంలో ఉంది. అందుకని ఆడవాళ్ళకి మొదలుపెట్టే డోసు సగానికి, అంటే 5 మిల్లీగ్రాములకి తగ్గించమన్నారు. పెద్ద వయసు వాళ్ళకీ 5 మిల్లీగ్రాములే. మీ అమ్మగారి చీటీలో 10 అని ఉంటే గొడవ పెట్టుకోవాల్సిన పనిలేదు, "డాక్టర్ గారూ, ఆడవాళ్ళకి 5 చాలంటారు కదా, దాంతో మొదలుపెట్టొచ్చా" అని మర్యాదగా అడగండి, మంచి డాక్టర్ ఎవరూ తప్పు పట్టరు. సీఆర్ అని రాసి ఉన్న రకం అయితే అది నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర, దాన్ని విరిచి సగం వేసుకోవడం, నలిపి వేయడం చేయకూడదు, విరిస్తే ఆ తయారీ పద్ధతే పాడైపోయిద్ది.

ఇంకొక విషయం, ఇది తక్కువమందికే జరిగిద్ది గానీ జరిగితే మామూలు సంగతి కాదు. ఒకావిడ మా షాపుకొచ్చి చెప్పింది, వాళ్ళాయన రాత్రి లేచి వంటింట్లోకి పోయి, ఫ్రిజ్‌లో ఉన్న పెరుగన్నం తిని, స్టవ్ వెలిగించి పాలు పెట్టి, అట్టాగే వచ్చి పడుకున్నాడంట, మాడిన వాసనకి ఈవిడ లేచింది. పొద్దున అడిగితే నేను మంచం దిగలేదు అంటాడు, అబద్ధం కాదు, ఆయనకి నిజంగానే గుర్తులేదు. 2019లో ఎఫ్‌డీఏ జోల్పిడెమ్‌కీ, దాని జాతివే అయిన ఎస్‌జోపిక్లోన్‌కీ, జాలెప్లాన్‌కీ మందు సమాచార పత్రంలో గీతల పెట్టె కట్టి పెద్ద హెచ్చరిక పెట్టించింది ఇందుకే, నిద్రలో నడవడం, వండటం, బండి నడపడం లాంటివి జరిగి ప్రాణాలు పోయిన కేసులు కూడా ఉన్నాయి. ఒక్కసారి ఇట్టా జరిగినా ఆ మందు మళ్ళీ వేయకూడదు, డాక్టర్‌కి వెంటనే చెప్పాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి, డాబా మీద పడుకునే వాళ్ళకి ఈ మందు రాయించుకునే ముందు ఈ సంగతి మాట్లాడుకోండి.

ఎస్‌జోపిక్లోన్ దీని చుట్టమే, హాఫ్ లైఫ్ ఆరు గంటల దాకా ఉంటది కాబట్టి మధ్యరాత్రి మెలకువ వచ్చేవాళ్ళకి ఒక పాలు నయం. పొద్దున నోరంతా చేదుగా, లోహం నాకినట్టు ఉండటం దీని గుర్తు, చాలామంది కాఫీ రుచే పోయిందని మానేస్తారు. దీనికి కూడా 2014లో మొదలుపెట్టే డోసు 1 మిల్లీగ్రాముకి తగ్గించారు.

ఇక ఆల్ప్రాజోలం. మన జనానికి నిద్ర మాత్ర అంటే చాలామందికి ఇదే, 0.25, 0.5 అని నంబర్లతో సహా నోటికొచ్చు. అసలు ఇది ఆందోళనకీ, ప్యానిక్ అటాక్‌లకీ వచ్చిన మందు, నిద్ర రావడం దాని పక్క పని. మొదటి వారం బ్రహ్మాండంగా ఉంటది, ఆ హాయే దీంతో చిక్కు. కొన్ని వారాలకి అదే డోసుకి నిద్ర పట్టదు, 0.25 కాస్తా 0.5 అయిద్ది, మానితే ముందుకంటే ఎక్కువ నిద్ర పోయిద్ది, దడ, చెమట, చేతులు వణకడం, దాన్ని చూసి "మాత్ర లేకపోతే నాకు నిద్రే లేదు" అని నమ్మేస్తారు, అది జబ్బు తిరగబెట్టడం కాదు, మందు మానినందుకు ఒళ్ళు చేసే గోల. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, కేవలం నిద్ర కోసం కొత్తగా మొదలుపెట్టేటట్టయితే ఆల్ప్రాజోలం నా లిస్టులో చివర ఉంటది.

క్లోనజిపామ్ ఫిట్స్ మందుగా పేరున్నది, ఆందోళనకి కూడా రాస్తారు. నిద్ర మధ్యలో తెగిపోయే వాళ్ళకి నిలబడిద్ది, కానీ పైన చెప్పినట్టు రోజు రోజుకీ నిల్వ పెరిగిద్ది. లారీ డ్రైవర్లకి, ఆటోనగర్‌లో మెషీన్ల మీద పనిచేసే వాళ్ళకి, పొద్దున్నే హైవే మీద విజయవాడ దాకా బండి మీద పోయేవాళ్ళకి ఇది అస్సలు సరిపడదు, మీ పని ఏంటో డాక్టర్‌కి చెప్పకపోతే ఆయనకి తెలిసే దారి లేదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, డిప్రెషన్‌కో గుండె దడకో ఇచ్చే కొన్ని మాత్రల్లోనే క్లోనజిపామ్ కలిపి వస్తది, ఎసిటలోప్రామ్‌తో కలిపిందీ, ప్రొప్రనలాల్‌తో కలిపిందీ ఉన్నాయి, పేరు చివర ప్లస్ అనో బీటా అనో ఉంటది. స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి, వెలుతురు చాలకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఒక డాక్టర్ ఆ మాత్ర రాసి, ఇంకో డాక్టర్ విడిగా నిద్రకి క్లోనజిపామ్ రాస్తే తెలియకుండా రెండింతలు మింగుతున్నట్టే, ఇట్టాంటివి వారం వారం చూస్తా ఉంటాం, పట్టుకునేది ఎవరంటే ఆ రెండు చీటీలూ ఒకే షాపులో ఇచ్చినప్పుడు మేమే. అందుకే ఒకే షాపులో కొనండి అంటా, వ్యాపారం కోసం కాదు.

లొరజిపామ్ అని ఇంకోటి ఉంది, ఇది లివర్ మీద భారం తక్కువ పెట్టే రకం కాబట్టి లివర్ బాగాలేని వాళ్ళకి ఈ ఆల్ప్రాజోలం, క్లోనజిపామ్ జాతిలో ఒకటి రాయక తప్పదంటే డాక్టర్లు దీని వైపు చూస్తారు. అలవాటు పడటంలో మాత్రం మిగతావాటికి ఏమీ తీసిపోదు.

ఒకప్పుడు బార్బిట్యురేట్లు అనే పాత మత్తు మందులు నిద్రకి వాడేవాళ్ళు, కాస్త డోసు ఎక్కువైతే ఊపిరి ఆగిపోయేది. 1960లో లిబ్రియం, 1963లో వాలియం (అంటే డైజిపామ్) వచ్చాక ఇవి సేఫ్ అన్నారు, అలవాటు చేస్తాయని తర్వాత తెలిసింది. జోల్పిడెమ్ వచ్చినప్పుడు దీనికి అలవాటు ఉండదన్నారు, దానికీ ఉందని తేలింది. కాబట్టి "ఇది కొత్తదండీ, దీనికి అలవాటు ఉండదు" అని ఎవరన్నా అంటే తలూపేసి రావద్దు, ఎన్ని రోజులకి రాస్తున్నారో అడగండి. అమెరికాలో ఒరెక్సిన్ అనే రసాయనాన్ని ఆపే కొత్త రకం మందులు కూడా వాడుతున్నారు, 2014లో అనుమతి వచ్చిన సువోరెక్సాంట్ మొదటిది, అవి వేరే దారిలో పనిచేస్తాయి, మెలకువని తగ్గిస్తాయి.

మెలటోనిన్ సంగతి వేరు. ఇది మత్తు మందు కాదు, చీకటి పడిందని మెదడుకి చెప్పే హార్మోన్, మన ఒంట్లోనే తయారయ్యేది. అందుకే జెట్ లాగ్‌కి, షిఫ్టులు మారేవాళ్ళకి, తెల్లవారి మూడింటికి గానీ నిద్ర రాని కాలేజీ పిల్లలకి సరైన టైంలో వేస్తే పనిచేసిద్ది, అదీ పడుకునే నిమిషంలో కాదు, గంటో రెండు గంటలో ముందు. మామూలు నిద్రలేమికి మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, 2013లో చాలా పరిశోధనలు కలిపి లెక్కేస్తే నిద్ర పట్టే టైం సగటున ఏడు నిమిషాలు తగ్గింది, అంతే. యూరప్‌లో 55 దాటినవాళ్ళకి నెమ్మదిగా విడుదలయ్యే 2 మిల్లీగ్రాముల మాత్రకి అనుమతి ఉంది. అలవాటు పడే భయం లేదు కాబట్టి పెద్దవాళ్ళకి ముందు దీన్ని చూడటంలో తప్పు లేదనేది నా ఉద్దేశం. కానీ అమెరికా నుంచి పిల్లలు సూట్‌కేసులో తెచ్చే డబ్బాలు, గమ్మీలు చూసి వాడండి, అక్కడ అది మందు కింద కాదు, సప్లిమెంట్ కింద అమ్ముతారు. కెనడాలో 2017లో ఇట్టాంటివి 31 రకాలు పరీక్షిస్తే లేబుల్ మీద రాసినదానికంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ దాకా తేడాలు కనపడ్డాయి. 10 మిల్లీగ్రాములని రాసున్న డబ్బా ఎక్కువ బలం అని సంబరపడాల్సిన పనిలేదు, ఈ మందు విషయంలో ఎక్కువ వేస్తే ఎక్కువ నిద్ర అనేదేమీ లేదు.

చీటీ లేకుండా ఇంట్లోనే దొరికేవి దగ్గు సిరప్పు, జలుబు మాత్ర, దురదకి ఇచ్చిన మాత్ర. మగత వస్తది కదా అని రోజూ ఒకటి వేసుకునే ముసలివాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ పాత ఎలర్జీ మందులు పెద్దవాళ్ళకి మంచివి కావు, నోరు ఎండిపోయిద్ది, మలబద్ధకం వచ్చిద్ది, ప్రోస్టేట్ ఉన్న తాతగారికి మూత్రం బిగుసుకుపోయి అర్ధరాత్రి గొట్టం వేయించుకోవాల్సి వచ్చిద్ది, కొందరికి మతి తప్పి ఎక్కడున్నారో తెలియని పరిస్థితి వచ్చిద్ది. పైగా నాలుగైదు రోజులకే ఆ మగత కూడా రావడం మానేస్తది. పెద్దవాళ్ళకి ఇవ్వకూడని మందుల జాబితాలు పెట్టుకునే డాక్టర్లు వీటినీ, బెంజోడయాజిపైన్లనీ (ఆల్ప్రాజోలం, క్లోనజిపామ్, డైజిపామ్ జాతి), జోల్పిడెమ్ జాతినీ మూడింటినీ అందులోనే పెడతారు.

కొన్ని డిప్రెషన్ మందులు చిన్న డోసులో నిద్రకి రాస్తారు. నరాల నొప్పో మైగ్రేనో కూడా ఉంటే అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు, ఆకలి లేక చిక్కిపోయి దిగులుగా ఉంటే మిర్టాజపైన్, ఇట్టా ఒకే మాత్రకి రెండు పనులు జరిగే చోట ఇవి మంచి ఎంపికే, ఆల్ప్రాజోలం లాగా వ్యసనం పట్టవు. కాకపోతే అమిట్రిప్టిలిన్ గుండె జబ్బు, గ్లాకోమా అనే కంటి జబ్బు, ప్రోస్టేట్ ఉన్నవాళ్ళకి జాగ్రత్త, మిర్టాజపైన్‌తో ఒళ్ళు వచ్చిద్ది. క్వెటియాపిన్ 25 ఈ మధ్య ఉత్త నిద్రకే రాయడం చూస్తున్నా, అది అసలు పెద్ద మానసిక జబ్బులకి వాడేది, బరువూ షుగరూ పెంచే మందు, షుగర్ ఉన్నవాళ్ళు ఎందుకు రాశారో తప్పకుండా అడగాలి.

ఇప్పుడు ఏ మాత్రా సరిపడని వాళ్ళ గురించి. గట్టిగా గురక పెడుతూ మధ్య మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యి ఉలిక్కిపడి లేచేవాళ్ళకి స్లీప్ అప్నియా ఉండొచ్చు, వాళ్ళకి మత్తు మాత్ర వేస్తే గొంతు కండరాలు ఇంకా వదులై ఊపిరి ఇంకా ఎక్కువ ఆగిద్ది. ఇది పడుకున్న మనిషికి తెలియదు, పక్కన పడుకున్నవాళ్ళే చెప్పాలి, కాబట్టి డాక్టర్ దగ్గరకి భార్యో భర్తో కూడా వెళ్ళండి. సాయంత్రం మద్యం తాగే అలవాటు ఉంటే నిద్ర మాత్ర జోలికే పోవద్దు, రెండూ కలిస్తే ఊపిరి తీసుకోవడమే మందగిస్తది. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడేవాళ్ళకీ ఇదే ప్రమాదం. డెబ్బై దాటినవాళ్ళు రాత్రి బాత్రూంకి లేచినప్పుడు తూలిపడటం, తుంటి ఎముక విరగడం, మా ఏరియాలో ఎముకల ఆస్పత్రుల ముందు స్ట్రెచర్ మీద దిగే పెద్దవాళ్ళని చూస్తే నాకు ముందు ఇదే గుర్తొస్తది, రాత్రి ఏం మాత్ర వేసుకున్నారా అని. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్ చెప్పకుండా ఏదీ వేసుకోకూడదు.

చీటీలో ఉన్న మిగతా మందులు కూడా ఒకసారి చూడండి, నిద్ర చెడగొట్టేది వాటిల్లోనే ఉండొచ్చు. కాళ్ళ వాపుకి, బీపీకి ఇచ్చే నీటి మాత్ర సాయంత్రం వేసుకుంటే రాత్రంతా బాత్రూంకి తిరగడమే. స్టెరాయిడ్ పొద్దున టిఫిన్ తర్వాత వేసుకోవాల్సింది రాత్రికి మార్చుకుంటే కళ్ళు మూతపడవు. ముక్కు దిబ్బడ మాత్రలు, థైరాయిడ్ డోసు ఎక్కువ అవ్వడం, కొన్ని డిప్రెషన్ మాత్రలు రాత్రిపూట వేసుకోవడం కూడా అంతే. టైం మార్చొచ్చా అని డాక్టర్‌ని అడిగితే చాలాసార్లు కొత్త మాత్ర అవసరమే పడదు. టీ కాఫీల్లో కెఫీన్ సగం తగ్గడానికే ఐదు గంటల దాకా పట్టిద్ది, సాయంత్రం ఆరింటికి సెంటర్‌లో తాగిన టీ పదకొండింటికి ఇంకా సగం పనిచేస్తానే ఉంటది. ఖైనీ, సిగరెట్లలో నికోటిన్ కూడా మెలకువ పెట్టేదే, పడుకునే ముందు ఒకటి కాల్చి వస్తే నిద్ర బాగా పట్టిద్ది అనేది నిజం కాదు.

అసలు దీర్ఘకాలిక నిద్రలేమికి అమెరికాలో ఫిజీషియన్ల సంఘం 2016లోనూ, యూరప్ వాళ్ళు 2017లోనూ మొదటి వైద్యం అని చెప్పింది మాత్రని కాదు, మందు లేకుండా నిద్ర అలవాట్లనీ ఆలోచనలనీ మార్చే సీబీటీ-ఐ అనే పద్ధతిని. పేరు భయపెట్టినా పని సులువుగా అర్థమయ్యేదే. తొమ్మిదింటికి మంచమెక్కి ఆరింటిదాకా దొర్లుతా అందులో ఐదున్నర గంటలే నిద్రపోతున్నారనుకోండి, కొన్నాళ్ళు పన్నెండు దాటాకే మంచమెక్కి ఆరింటికల్లా లేచేయాలి, ఆదివారమైనా సరే, పగలు కునుకు లేదు. మంచం మీద పడుకున్న టైంలో 85 శాతం పైన నిద్ర వస్తుంటే పడుకునే టైం పావుగంట ముందుకి జరపాలి, అట్టా నెమ్మదిగా పెంచుకుంటా పోవాలి. ఐదు గంటల కంటే తక్కువకి ఎప్పుడూ కుదించకూడదు, ఫిట్స్ ఉన్నవాళ్ళు, బైపోలార్ ఉన్నవాళ్ళు, రోజంతా డ్రైవింగ్ చేసేవాళ్ళు డాక్టర్ చూపులో తప్ప సొంతంగా చేయకూడదు. ఇరవై నిమిషాలు గడిచినా పట్టకపోతే మంచం దిగి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోవాలి, నిద్ర ముంచుకొచ్చినప్పుడే తిరిగి రావాలి, మంచం మీద ఫోనూ లెక్కలూ గొడవలూ వద్దు. మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటది, పగలు కళ్ళు మూతలు పడతాయి, చాలామంది అక్కడే వదిలేస్తారు. నిలబడ్డవాళ్ళకి మాత్రం దీని ఫలితం మాత్రలాగా ఆపగానే పోదు. మే నెలలో మన గుంటూరు వేడికి ఏ పద్ధతీ పనిచేయదు అంటారు, గది చల్లబడితే నిద్ర బాగా పట్టేది నిజమే, పడుకునే గంట ముందు గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేస్తే ఒంట్లో వేడి బయటికిపోయి పట్టిద్ది, చన్నీళ్ళ కంటే అదే మేలు.

పాలల్లో జాజికాయ, అశ్వగంధ గురించి కూడా అడుగుతారు. చిటికెడు జాజికాయతో ఏమీ కాదు, చెంచాలకి చెంచాలు వేస్తే గుండె దడ, భ్రమలు వస్తాయి. అశ్వగంధకి కొద్దిపాటి ఉపయోగం ఉందని చిన్న పరిశోధనలు ఉన్నాయి, లివర్ దెబ్బతిన్న కేసులు కూడా ఉన్నాయి, థైరాయిడ్ వాళ్ళు డాక్టర్‌కి చెప్పి వాడాలి.

ఇప్పటికే నెలల తరబడి, ఏళ్ళ తరబడి వాడుతున్నవాళ్ళు ఇది చదివి రేపట్నించి ఆపేద్దాం అనుకోవద్దు, దయచేసి వద్దు. ఆల్ప్రాజోలం, క్లోనజిపామ్, డైజిపామ్ లాంటివి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావొచ్చు, ప్రాణం మీదకి రావొచ్చు. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్ కలిపి అమ్మేవాళ్ళు, ఆ కల్తీ కల్లు ఒక్కసారి ఆగినప్పుడు జనం ఫిట్స్‌తో, పిచ్చి పిచ్చిగా మాట్లాడుతూ ఆస్పత్రులకి వచ్చారు, వాళ్ళల్లో చాలామందికి తాము మత్తు మందుకి అలవాటు పడ్డామనే తెలియదు. మానడం అంటే మెట్లు మెట్లుగా దిగడం. రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఉన్న డోసులో 5 నుంచి 10 శాతం తగ్గించడం ఇప్పుడు డాక్టర్లు పాటించే పద్ధతి, ఏళ్ళ అలవాటుకి నెలలు పట్టిద్ది, పట్టనివ్వండి. తగ్గించేటప్పుడు రెండు మూడు రాత్రులు నిద్ర చెడితే కంగారుపడి పాత డోసుకి పోకుండా అక్కడే ఆగి డాక్టర్‌తో మాట్లాడండి.

చీటీ లేకుండా ఎందుకు ఇవ్వరని మా మీద కోపం తెచ్చుకునేవాళ్ళ కోసం ఒక మాట. ఆల్ప్రాజోలం, డైజిపామ్, నైట్రజిపామ్, జోల్పిడెమ్ ఇవన్నీ షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే చీటీ మీద, లెక్క రాసి మాత్రమే అమ్మాల్సినవి, ఆ రూలు 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. స్ట్రిప్ మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక, పైన ఎర్ర అక్షరాల్లో గుర్తు ఉంటాయి చూడండి. అమ్మిన ప్రతిసారీ డాక్టర్ పేరు అడ్రసు, పేషెంట్ పేరు, మందు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. అన్నా పక్క షాపులో ఇస్తారంట అని వెళ్ళేవాళ్ళు ఉంటారు, ఎక్కడో ఒకచోట దొరుకుద్దేమో కూడా, కానీ అట్టా కొన్నప్పుడు మీ షుగర్ మందుతో, గురకతో, వయసుతో ఆ మాత్రకి ఎట్టా ఉంటదో చూసే మనిషి ఎవరూ ఉండరు.

డాక్టర్ దగ్గరకి పోయేటప్పుడు రెండు వారాల లెక్క ఒక కాగితం మీద రాసుకుపొండి, ఎన్నింటికి పడుకున్నారు, సుమారు ఎన్నింటికి పట్టింది, ఎన్నిసార్లు లేచారు, ఎన్నింటికి మంచం దిగారు, పగలు కునుకు తీశారా, టీలు ఎన్ని. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేదం డబ్బాతో సహా, ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్ళండి. మాత్ర రాస్తే అక్కడే అడగండి, ఎన్ని రోజులకి, ఏ తారీఖున ఆపాలి, ఎట్టా తగ్గించాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి. సాధారణంగా నాలుగు వారాలు దాటకూడదు, రోజూ కాకుండా వారానికి రెండు మూడు రాత్రులే వేసుకోవచ్చా అని కూడా అడగండి, కొంతమందికి అది సరిపోయిద్ది. ఆపాల్సిన తారీఖు చీటీ మీద రాయించుకుంటే మాకూ సులువు, ఆ తేదీ దాటి అదే చీటీ పట్టుకొస్తే మేం చూసి చెప్పగలం.

ప్రైవేటులో ఖర్చు పెట్టలేని వాళ్ళకి గుంటూరు పెద్దాస్పత్రిలోనూ, విజయవాడ ప్రభుత్వాస్పత్రిలోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి, నిద్ర సమస్యకి అక్కడికి వెళ్ళడంలో నామోషీ ఏమీ లేదు. ఇంట్లోంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఏ టైంలో చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. నిద్ర లేక చచ్చిపోవాలనిపిస్తోంది అనేదాకా వచ్చినవాళ్ళు, అట్టా అనే మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళు తెల్లారేదాకా ఆగకుండా ఆ నంబర్‌కి చేయండి, ఇంట్లో మిగిలిన మాత్రల స్ట్రిప్పులు ఆ మనిషికి అందకుండా వేరేవాళ్ళ దగ్గర బీరువాలో పెట్టి తాళం వేయండి.